చెప్పులు విప్పమన్నది నేనే

1974 ఎండాకాలం. కొరాపుట్ జిల్లాలో ఒక లెప్రసీ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆసుపత్రి దాకా రాలేనివాళ్ల కోసం జీపులో ఊళ్లకు వెళ్లి క్లినిక్ పెట్టేవాళ్లం. బంధుగాంలో సంత రోజున పెట్టేవాళ్లం. ఖాళీ గోడౌన్ వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మందుల పెట్టె, అంతే క్లినిక్. కొండల మీద నుంచి చింతపండు, పసుపు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా మా దగ్గరకొచ్చి మాత్రలు కొంగులో ముడేసుకుని పోయేవాళ్లు. ఎవరూ చూడలేదని వాళ్ల ధీమా. సంతలో అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టు నటించేవాళ్లు.

ఈ జబ్బు గురించి బయటివాళ్ల భయం ఒకటి, మేం చూసే కష్టం ఇంకొకటి. అనస్థీషియా అంటే ఆపరేషన్ ముందు ఇచ్చే మత్తు అనుకుంటారు. మా వార్డులో ఆ మాటకు స్పర్శ పోవడం అని అర్థం. జబ్బు నరాల్లోకి దిగితే పాదం అడుగు భాగం మొద్దుబారిపోతుంది. అలాంటి మనిషి ముల్లు తొక్కినా ఆగడు, ఎందుకంటే ఆగమని చెప్పే నొప్పి లేదు. అలా పడే పుండును అల్సర్ అంటాం. వేళ్లు పోయేది చాలావరకు ఆ పుళ్ల వల్లే. అందుకని రోగులకు ఎం.సి.ఆర్. చెప్పులు ఇస్తాం. లోపల మెత్తటి రబ్బరు, మడమ వెనక పట్టీ, ఎక్కడా మేకు ఉండదు. "మాత్ర ఒక పూట మర్చిపోయినా పర్వాలేదు, చెప్పులు మాత్రం విప్పొద్దు" అని నేను ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు.

అప్పన్న నా రోగి. గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం వాళ్లది. చిక్కోలు వైపు నుంచి తాతల నాడు వచ్చారు. అతను నాలుగు ముక్కలు చదువుకుని బంధుగాంలో ఒక ఆఫీసులో అటెండరుగా కుదిరాడు. ముప్పై రెండేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, పక్క పాపిడి, "ఇవాళ పెళ్లికొడుకులా ఉన్నావేటి అప్పన్నా" అని నేను ఆటపట్టిస్తే సిగ్గుపడేవాడు. నాలుగేళ్లుగా డి.డి.ఎస్. మాత్రలు వాడుతున్నాడు. చర్మం మీద నుంచి తీసి చూసే స్మియర్ పరీక్షలో క్రిములు లేవని తేలింది. ఇక అతని వల్ల ఎవరికీ అంటుకోదని మా డాక్టరుగారే చెప్పారు. అయితే మందు మొదలయ్యే నాటికే రెండు పాదాలూ మొద్దుబారాయి. కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను కొనతో అరికాలు అంతా తాకి చూశాను. ఒక్కచోట కూడా వేలు పెట్టి చూపించలేకపోయాడు. ఆ సంగతి కార్డు మీద రాసింది నేనే.

అతని భార్య గౌరికి అన్నీ తెలుసు. మొదటిసారి అతన్ని మా దగ్గరకు లాక్కొచ్చింది ఆవిడే. ఆవిడ పుట్టింటివాళ్లకు మాత్రం తెలియదు. భీమిలికి రెండు మూడు గంటల బండి దూరంలో వాళ్ల ఊరు. తెలిస్తే తనను, పిల్లలిద్దర్నీ తీసుకుపోతారని గౌరి భయం. అందుకని నాలుగేళ్లుగా పండక్కీ పబ్బానికీ ఏదో ఒక వంక చెప్పి పుట్టింటికి వెళ్లకుండా నెట్టుకొచ్చింది. ఆ వేసవిలో వంకలు అయిపోయాయి. పెద్దన్న స్వయంగా ఉత్తరం రాశాడు.

ఆ వారం అప్పన్న రెండు వారాల మాత్రలు ఒకేసారి కావాలని వచ్చాడు.

"మా పెద్ద బావ అందర్నీ భీమిలి తీసుకెల్తాడంట సిస్టరమ్మా. పిల్లలు సంద్రం సూడనేదు. మీది ఆ ఊరే కదా, అక్కడ పిల్లల్తో ఏటేటి సూడొచ్చో సెప్పండి."

ఎవరైనా భీమిలి పేరెత్తితే నా నోరు ఆగేది కాదు. మా నాన్న అక్కడే బడిపంతులు. నేను పుట్టింది, పెరిగింది, గుడ్డివాడైన మా తాతను చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్లింది ఆ వీధుల్లోనే. రోగులు వరసలో నిలబడి ఉన్నా పెన్ను పక్కన పెట్టేశాను.

"ముందు లైట్‌హౌస్ చూపించు పిల్లలకి. గంటస్తంభం ఎలాగూ కనిపిస్తుంది. డచ్చివాళ్ల సమాధులున్నాయి, రాళ్ల మీద చెక్కిన బొమ్మలుంటాయి, పిల్లలకి సరదా. గోస్తనీ సముద్రంలో కలిసేచోట నీళ్లు మోకాలి లోతే, చిన్నవాడిని కూడా దింపొచ్చు. వల లాగుతుంటే చూడండి, గవ్వలు ఏరుకోండి, సరుగుడు తోటలో కూర్చుని అన్నాలు తినండి. కష్టపడి ఎక్కేదీ దిగేదీ ఏమీ ఉండదు, ముసిలివాళ్లు కూడా తిరగొచ్చు."

అన్నీ శ్రద్ధగా విన్నాడు. విన్నాక కూడా కదల్లేదు. కాళ్లకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఈ సెప్పులే సిస్టరమ్మా. అటేపు ఊళ్లల్లో వీటిని సూడగానే పోల్చేస్తారు. మడమ నొప్పికి డాక్టరు ఇచ్చేడని సెప్దారనుకున్నాం. మా బావ నమ్మడు. ఆ ఒక్క రోజుకీ తీసెయ్యొచ్చా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం కూడా.

"సముద్రం ఒడ్డున చెప్పులేసుకుని ఎవరు తిరుగుతారు అప్పన్నా. అందరూ విప్పేస్తారు, నువ్వూ విప్పెయ్. ఇసక మెత్తగా ఉంటుంది. గవ్వ పెంకులు గుచ్చుకుంటాయేమో చూసుకుంటూ నడువు. సాయంత్రం కాళ్లు నీళ్లలో నానబెట్టి, ఎక్కడైనా గీసుకుందేమో గౌరిని చూడమను."

అతని మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది. చెప్పుల గురించి ఎప్పుడూ కసిరే నర్సు ఒకసారి ఊ అంది కదా. ఆ ఉదారత చూసుకుని నేను మురిసిపోయాను కూడా.

పైవారం అతను రాలేదు. ఆ తర్వాతి సంతకు ఆఫీసువాళ్లెవరో సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి దింపారు. ఒక్కడే. మాసిన చొక్కా. రెండు పాదాలకూ పాత పంచె ముక్కలు చుట్టి ఉన్నాయి. విప్పకముందే వాసన తెలిసింది. విప్పాక మా కాంపౌండరు అటు తిరిగిపోయాడు. రెండు అరికాళ్లూ మడమ నుంచి వేళ్ల దాకా కాలి, తోలు ఊడి, లోపల చీము పట్టి ఉన్నాయి. నిప్పులు తొక్కావా అని అడిగాను.

"నిప్పులు కాదు. ఇసక" అన్నాడు.

డ్రెస్సింగ్ చేస్తుంటే అతనే చెప్పాడు. ఆడవాళ్లు, వంట సామాను, పిల్లలు, అందరూ సర్దుకుని రెండు బండ్లు కదిలేసరికి పొద్దెక్కింది. భీమిలి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. సరుగుడు తోటలో బండ్లు విప్పారు. నీడకూ నీళ్లకూ మధ్య ఎండిన ఇసక. పిల్లలు సముద్రం చూసి పరుగెత్తారు, నాలుగడుగులు వేసి ఏడుస్తూ వెనక్కి వచ్చేశారు.

"మా బావలు కూడా గెంతుకుంటా నీడలోకి వచ్చేసేరు. అమ్మో కాలిపోతంది అని నవ్వుతన్నారు. నాకేటీ తెల్నేదు. మా బుడ్డోడు ఏడుత్తంటే ఎత్తుకుని నీల్లకాడ దింపేను. మల్లీ వచ్చి అమ్మిని ఎత్తుకున్నాను. అది సూసి మా బావ పిల్లలు మావయ్యా నన్ను, మావయ్యా నన్ను అన్నారు. అందర్నీ మోసేను. మల్లీ అన్నాలకి తెచ్చేను, మల్లీ దింపేను. మా సుజాత అందరికీ సెప్పుకుంది సిస్టరమ్మా, మా నాన్నకి ఏడి తగల్దు అని."

ఇక్కడ నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"తిరిగొచ్చేటప్పుడు బండి మీద కాల్లు యేలాడేసుకుని కూకున్నాను. మా పెద్ద బావ సూసి, ఏటి బావా తోలు ఊడిపోనాది అన్నాడు. అప్పుడు కిందకి సూసుకున్నాను. నొప్పి నేదా అన్నాడు. నేదు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కుయ్యో మొర్రో అని ఏడిసుంటే పోయేది. ఏడవాలని నాకు తట్టనేదు."

ఆ బావకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. దాచిన చెప్పులు బండిలో సంచి అడుగున అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ చూడనే లేదు. రాత్రి అతనికి ఆకులో అన్నం పెట్టి వసారాలో పడుకోబెట్టారు. తెల్లారి బస్సు ఎక్కించేశారు. గౌరిని, సుజాతను, నాలుగేళ్ల పిల్లవాడిని ఉంచేసుకున్నారు.

డ్రెస్సింగ్ అయ్యాక జీపు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. నా చిన్నతనమంతా ఆ ఇసక మీదే గడిచింది. మేం పొద్దున్నా సాయంత్రమూ వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం వెళ్లొద్దని మాకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు. మా కాళ్లే చెప్పేవి. అందుకే భీమిలి అనగానే నాకు మెత్తటి ఇసక గుర్తొచ్చింది గానీ కాలే ఇసక గుర్తు రాలేదు. నొప్పి తెలియని కాళ్లకు నొప్పి తెలిసిన కాళ్లతో ఆలోచించి సలహా ఇచ్చాను. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నర్సును. నా మీద నాకు కలిగిన అసహ్యం ఈ రోజుకీ పోలేదు.

డాక్టరుగారికి జరిగిందంతా చెప్పాను. అతన్ని ఆసుపత్రిలో చేర్చి, చీము తగ్గాక రెండు కాళ్లకూ పిండికట్టు వేశారు. ఆ రోజుల్లో అల్సర్ మానడానికి అదే పద్ధతి, నెలల తరబడి కదలకుండా పడుకోవాలి. అతని వల్ల ఎవరికీ అంటదని డాక్టరుగారి చేత సర్టిఫికెట్ రాయించుకుని, సెలవు పెట్టి, గౌరి పుట్టింటికి నేనే వెళ్లాను.

పెద్దన్న మర్యాదగానే కుర్చీ వేశాడు. ఇంగ్లీషులో ఉన్న సర్టిఫికెట్ నా చేత చదివించుకుని విన్నాడు.

"కాయితం బాగుందమ్మా. ఊరికి కాయితం సూపిస్తే ఊరుకుంటాదా? నాకూ పెళ్లి కావల్సిన ఆడపిల్లలున్నారు. మీ ఆసుపత్రోల్లు నలుగురూ కలిసి తినేస్తారు, మాకలగ్గాదు."

ఎంత చెప్పినా అదే మాట. చివరికి గౌరితో మాట్లాడనివ్వమని అడిగితే పెరట్లోకి పంపాడు. ఆవిడ రోట్లో ఏదో దంచుతోంది. నన్ను చూసీ ఆపలేదు.

"ఇంటికి రా గౌరీ. నువ్వు వస్తేనే అతను కోలుకుంటాడు" అన్నాను.

"సెప్పులు ఇప్పమని మీరే సెప్పేరంట కదా" అంది.

"అవును."

"బండి దిగేటప్పుడు సెప్పులు సంచిలోంచి తీసి ఆయన ముందెట్టేను. ఎవలేటనుకున్నా ఏసుకో అన్నాను. సిస్టరమ్మ ఇప్పమంది అన్నాడు. మీరు సెప్పేరంటే ఇంక నాకేటి తెలుస్తాదిలే అనుకుని మల్లీ సంచిలో ఎట్టేసేను." రోకలి పక్కన పెట్టింది. "నాలుగేల్లు దాసుకొచ్చేను నాను. ఇంక నావల్ల కాదు, ఎల్లండి."

చదువు లేని ఆ మనిషికి తట్టింది నాకు తట్టలేదు. పైగా ఆవిడ నోరు మూయించింది నా మాట.

బస్సు కోసం రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాను. సుజాత వెనకే పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏడేళ్ల పిల్ల. ఎవరూ చూడకుండా వచ్చినట్టుంది, మాటిమాటికీ ఇంటివైపు చూసుకుంటోంది.

"నాన్న కాల్లు పాడైపోయేయంట కదా. నన్ను ఎత్తుకున్నందుకేనా?"

"కాదమ్మీ" అన్నాను.

"మరెందుకు?"

బస్సు దుమ్ము రేపుకుంటూ వస్తోంది. "నువ్వు పెద్దయ్యాక తెలుస్తుందిలే. ఇంటికెళ్లు" అన్నాను. ఎక్కి కూర్చున్నాను.

అప్పన్న కాళ్లు మానడానికి ఆరు నెలలు పట్టింది. కుడికాలికి మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. మళ్లీ ఆఫీసులో చేరాడు, కుంటుతూ ఫైళ్లు మోశాడు, వంట తనే చేసుకున్నాడు. గౌరి రాలేదు. అతను ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. అతని ముందు నా తప్పు ఒప్పుకుంటే, "మీరు మంచికే సెప్పేరు" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు చెంప మీద కొట్టినట్టుండేది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా కాళ్లు మొద్దుబారిన ప్రతి రోగికీ వేడి ఇసక గురించి చెప్పాను. నేను చెప్పినవాళ్లలో చాలామంది కొండ దిగి ఎరగరు, సముద్రం ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. అర్థం కాక మొహాలు చూసుకునేవాళ్లు. అయినా చెప్పాను. కొత్తగా వచ్చే నర్సులకూ చెప్పాను. ఏ సలహా అయినా ఇచ్చేముందు ఆ రోగి కార్డు మరోసారి చదవమన్నాను.

నేర్చుకున్నది అంతే అయితే ఇది రాసేదాన్ని కాదు. తప్పు ఒప్పుకోవడం పెద్ద గొప్పేమీ కాదని కూడా నాకు అప్పుడే తెలిసింది. డాక్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను, అప్పన్న దగ్గర ఒప్పుకున్నాను, గౌరి అడిగితే అవునన్నాను. వాళ్లెవరికీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ ముక్క నిజంగా కావాల్సిన మనిషి ఒక్కతే. నేను చెప్పబట్టే మీ నాన్న చెప్పులు విప్పాడు, నీ తప్పు ఏమీ లేదమ్మీ అని, బస్సు వచ్చేలోగా చెప్పడానికి వ్యవధి ఉంది. ఏడేళ్ల పిల్ల నన్ను ఎలా చూస్తుందోనని భయపడి, ఆ బరువు దాని మీదే వదిలేసి వచ్చాను.