డాక్టర్‌గారికి నేను ఎంచిన తూకం మెషిన్

అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో మా వీధి చివర ఒక రిటైర్డ్ డాక్టర్‌గారు ఉండేవారు. ఆంధ్ర నుంచి నాకంటే ముప్పై ఏళ్ళు ముందు వచ్చినవారు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, రైఫిల్‌తో గురిచూసి కాల్చడం. తూటాలు కొనేవారు కాదు. కాల్చిన ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చుకుని, గ్యారేజీలో కూర్చుని తుపాకీ మందు తూచి మళ్ళీ నింపుకునేవారు. అప్పుడప్పుడు నన్నూ ఎడారిలో గురిచూసి కాల్చే రేంజ్‌కి వెంటబెట్టుకుని వెళ్ళేవారు.

రెండువేల పన్నెండు ప్రాంతంలో ఆయన చేతులు వణకడం మొదలైంది. త్రాసు పళ్ళెంలోకి చిటికెడు మందు రాల్చడం కూడా కష్టమై, మందు కొలిచే కొత్త పరికరం కొనడానికి నన్ను తోడు రమ్మన్నారు.

షాపులో ఆయన ఒక మామూలుదాన్ని చేతిలోకి తీసుకున్నారు. పిడి తిప్పితే కొలత ప్రకారం మందు పడుతుంది. తర్వాత త్రాసులో సరిచూసుకోవాలి.

"ఇది చాలయ్యా. ఏం జరుగుతోందో కంటికి కనపడుతుంది," అన్నారు.

నేను కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో కొలత పరికరాలు చూసే ఇంజనీర్ని. ఆ గర్వం ఊరుకోనివ్వలేదు.

"ఇంకా పాత పద్ధతేంటి అంకుల్? ఈ ఎలక్ట్రానిక్‌ది తీసుకోండి. బటన్ నొక్కితే అదే తూచి పోస్తుంది. నేనొచ్చి సెటప్ చేసిపెడతా."

"నువ్వు చెప్తే సరేలే," అని అదే కొన్నారు.

సెటప్‌కి నేను వెళ్ళలేదు. ఒక వారం ఆఫీసు పని, మరో వారం బద్ధకం. ఎదురుచూసి ఆయనే మొదలుపెట్టుకున్నారు. ఒకరోజు నేను మీటింగ్‌కి వెళ్తుంటే ఫోన్ చేశారు.

"అదే మందుకి మెషిన్ నా త్రాసు కన్నా తక్కువ చూపిస్తోందయ్యా. దేన్ని నమ్మమంటావు?"

"మీ త్రాసు పాతబడిపోయింది అంకుల్. మెషిన్‌నే నమ్మండి."

మీటింగ్‌కి ఆలస్యమవుతోందని ఫోన్ పెట్టేశాను.

ఆ వారం ఆయన ఒంటరిగా రేంజ్‌కి వెళ్ళారు. మందు ఎక్కువైన తూటా రైఫిల్‌లోనే చిట్లింది. కళ్ళజోడు ఉండబట్టి కళ్ళు దక్కాయి. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు.

వార్త విని గ్యారేజీకి పరుగెత్తాను. టేబుల్ ఫ్యాన్ సూటిగా మెషిన్ వైపే తిప్పి ఉంది. తూకం సరిచూసుకునే బిళ్ళ ప్యాకెట్‌లోంచి బయటికే రాలేదు. నేను పది నిమిషాలు వచ్చి ఉంటే రెండూ చూసేవాణ్ణి.

"గాలి తగలకూడదని పుస్తకంలో ఉందట. చదవకపోవడం నా తప్పే," అన్నారాయన, కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని.

మీ త్రాసే నిజం చెప్పింది, నేనే వినలేదు అని చెప్పాల్సింది. "రెస్ట్ తీసుకోండి అంకుల్," అన్నాను.

రైఫిళ్ళు అమ్మేశారు. కొన్నాళ్ళకు కూతురు వచ్చి ఆయన్ని టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి తీసుకెళ్ళిపోయింది. బయల్దేరే రోజు సామాన్లు నేనే కార్‌లో సర్దాను. ఆవిడ ఇంటికి తాళం వేయడానికి వెళ్ళింది. ఆయన కార్ అద్దం దించి నా వంక చూశారు.

"ఏదో చెప్పాలనుకుంటున్నట్టున్నావు?"

"ఏం లేదంకుల్. మంచినీళ్ళు పెట్టుకున్నారా అని."