నిప్పు చూడని వెల్లుల్లి

రూతమ్మ కుశినిలోకి వెల్లుల్లి పచ్చిగా వచ్చేది గానీ పచ్చిగా బయటికి పోయేది కాదు. అది ఆమె భర్త లాజరు పెట్టిన కట్టడి. మిర్యాలగూడ నుంచి మాడుగులపల్లి పోయే బండ్ల బాటలో, మిషన్ బంగ్లా వెనక, పెంకులు కప్పిన వంటగది అది. చుట్టుపక్కల వాళ్లంతా దాన్ని కుశిని అనేవాళ్లు. లాజరు బతికినన్నాళ్లు అందులో వంట చేశాడు. అతను పోయాక గరిటె రూతమ్మ చేతికి వచ్చింది. గరిటెతో పాటు కట్టడీ వచ్చింది.

రూతమ్మది కోదాడ పక్క ఊరు. కోదాడ దాటితే బెజవాడ బాట, ఇంగ్లీషు వాళ్ల రాజ్యం. అక్కడి మాట ఆమె నాలుక మీద కొంచెం నిలిచిపోయింది. లాజరుది ఆత్మకూరు. సూర్యాపేట ముసాఫిర్ బంగ్లాలో దొరలకు వండి చెయ్యి తిరిగినవాడు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ పియెత్రో అతని వంట ఒక పూట తిని, ఈ బంగ్లాకు పిలిపించుకున్నాడు. పియెత్రో అన్న పేరుకు ఎవరి నోరూ తిరగక అందరూ ఆయన్ను పేతురు సామి అన్నారు. ఆయనా ఆ పేరుకే పలకడం నేర్చుకున్నాడు.

వచ్చిన కొత్తలో ఒక పండగ రోజు సామి కుశినిలోకి వచ్చి, తన దేశంలో భోజనానికి ముందు తినే రొట్టె ఒకటి లాజరుకు చెప్పాడు. పని పెద్దది కాదు. డబల్ రొట్టెను మందంగా కోసి నిప్పుల మీద కాల్చాలి. వేడి మీదనే వెల్లుల్లి రెబ్బను సగానికి తుంచి దాని మీద రుద్దాలి. నూనె చుక్కలు, ఉప్పు, పచ్చి టమాట ముక్కలు, పైన సబ్జా ఆకు. ఇంతే. వెల్లుల్లికి మాత్రం నిప్పు తగలకూడదని సామి వేలు ఎత్తి మరీ చెప్పాడు.

లాజరు తల ఊపాడు. సామి బయటికి పోగానే వెల్లుల్లిని సన్నగా తరిగి నేతిలో ఎర్రగా వేయించాడు.

"వద్దన్నాడు గదయ్యా," అంది రూతమ్మ.

"పచ్చి ఎల్లిగడ్డ బాలింతకు పెడ్తరు. తేలు కుడితే రాస్తరు. సామి పళ్లెంల పెడ్తరా? ఆయనకు మన భాష సరిగ్గ రాదు. ఏదో అనబోయి ఏదో అన్నడు."

రొట్టె మీద వేయించిన వెల్లుల్లి, నెయ్యి, మగ్గబెట్టిన టమాట, పైన కొత్తిమీర పరిచి బల్ల మీద పెట్టాడు. సామి ఒక ముక్క కొరికి కాసేపు నమిలాడు. "మంచిగుంది లాజరూ," అన్నాడు. ఆ మాట లాజరు సూర్యాపేటలో కూడా పది మందికి చెప్పుకున్నాడు. అప్పటి నుంచి బంగ్లాకు ఏ అతిథి వచ్చినా మొదటి పళ్లెం అదే.

తర్వాత యుద్ధం వచ్చింది. ఇటలీ వాడు గనుక శత్రువని ఇంగ్లీషు వాళ్లు సామిని తీసుకుపోయి ఉత్తరాదిన ముళ్ల కంచె లోపల పెట్టారు. లాజరు తోటకు నీళ్లు పెట్టుకుంటూ ఆయన కోసం చూశాడు. సామి తిరిగొచ్చేసరికి జుట్టు తెల్లబడి, జబ్బల ఎముకలు అంగీలోంచి తెలుస్తున్నాయి. ఆ మరుసటి ఎండాకాలం వాంతులు, భేదుల గత్తర వచ్చి లాజరు పోయాడు. సామి తన చేత్తోనే మట్టి వేసి, తెల్లారి కుశిని తాళంచెవి రూతమ్మకు ఇచ్చాడు. ఆడమనిషి కుశిని చేయడం ఏమిటని ఉపదేశి అబ్రహాం గొణిగాడు. అబ్రహాం చెడ్డవాడు కాదు. గుడిలో జపాలు చెప్పించడం, సామి లేనప్పుడు బంగ్లా చూసుకోవడం అతని పని. గొణగడం మాత్రం అతను పుట్టుకతో తెచ్చుకున్నది.

నలభై ఎనిమిదిలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. పగలు సర్కారు వైపు తుపాకులు వచ్చేవి, రాత్రి అడవి దళాలవి. పగటివాళ్లు దళంలో కలిసిన పిల్లగాళ్ల పేర్లు అడిగేవాళ్లు, రాత్రివాళ్లు గింజలు అడిగేవాళ్లు. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. పల్లె జనం, తండా జనం మూటలు కట్టుకుని బంగ్లా ఆవరణలోకి చేరారు. ఆవరణ గోడ మేక ఎక్కి దూకగలిగే గోడ. జనాన్ని కాపాడింది ఆ గోడ కాదు. ఎవరు వచ్చినా సామి తెల్ల అంగీతో పోయి గేటు మధ్యలో నిలబడేవాడు. "గీడ రోగులున్నరు. లోపలికి రావద్దు," అనేవాడు. వచ్చినవాళ్లు ఆయన్ను పక్కకు నెట్టలేక వెనక్కి పోయేవాళ్లు. ఆయన అక్కడ నిలబడ్డంతసేపే అది గేటని అందరికీ తెలుసు.

శ్రావణం వానల్లో సామికి జ్వరం పట్టింది. జ్వరం దిగింది గానీ తిండి మీద మనసు రాలేదు. గంజి పోస్తే గోడ వైపు తిరిగాడు. కోడి చారు వాసనకే మొహం తిప్పాడు. లేచి కూర్చోవడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది. అబ్రహాం బండి సిద్ధం చేయించాడు.

"ఆదివారం దాక సూస్త," అన్నాడు కుశిని గుమ్మంలో నిలబడి. "లేస్తే లేసినట్టు. లేకుంటే పట్నం పెద్ద దవాఖానకు తోల్క పోవుడే. గీడ ఉంచితే సామి మనకు దక్కడు."

"తోలుకుపోతే గేటు కాడ ఎవరు నిలబడతారు? నువ్వు నిలబడతావా?"

అబ్రహాం ఎద్దులకు గడ్డి వేయించడానికి పోయాడు.

రూతమ్మ దగ్గర ఇక లాజరు రొట్టె ఒక్కటే మిగిలింది. సరిహద్దు మూసేశాక కోదాడ మీదుగా మైదా రావడం ఆగిపోయింది. అటక మీద డబ్బాలో పండగకని దాచిన కాస్త పిండి ఉంది. దాన్ని దించి, పొంగడానికి కల్లు పోసి కలిపింది. తాటిచెట్లు ఎక్కేవాళ్లు భయపడి ఎక్కడం లేదు గనుక ఆ కల్లు ఎప్పటిదో పులిసిపోయినది. రొట్టె సగమే పొంగింది. అయినా కోసింది, కాల్చింది. లాజరు చేసినట్టే వెల్లుల్లిని నేతిలో ఎర్రగా వేయించి పరిచింది.

సామి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు. మెల్లగా తీసి పళ్లెం అంచున పెట్టి, "నెయ్యి వాసన పడ్తలేదు రూతమ్మా. తప్పు నీది కాదు," అని కళ్లు మూసుకున్నాడు.

ఆ పళ్లెం కుశినికి తిరిగి తెచ్చుకోవడం రూతమ్మకు లాజరును మళ్లీ సమాధికి మోస్తున్నట్టు ఉంది.

కుశిని వరండాలో చాందీ కూర్చుని ఉంది. త్రిపురారం వైపు తండా మనిషి. గుడిసె కాలిపోతే ఒక ఇత్తడి బిందె, జొన్న సంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. బంగ్లా తోటలో నీళ్లు పెట్టేది, టమాటాలు కోసి ఇచ్చేది. రూతమ్మ ఆమెను కుశిని లోపలికి రానిచ్చేది కాదు. చాందీ గుమ్మం బయటే కూర్చుని లోపలి పనికంతా వంక పెట్టేది.

"ఏమక్కా, మల్ల తిప్పి పంపిండా?"

"నోర్ముయ్యవే."

"నేను మూసుకుంట గని, నీ నెయ్యి మూసుకుంటదా? గాడ వేపచెట్టు కిందికి కొడ్తున్నది వాసన. జరం లేసినోనికి గింత నెయ్యా? మా తండాల గిట్ల పెడ్తే మొగడు అలిగి రెండో పెండ్లి చేస్కుంటడు."

"నీ మొగుడి సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు టమాటాలు ఇటు పెట్టు."

"గివి నాయి. నా కూలికిచ్చిండ్రు."

చాందీ కుశిని పొయ్యిలోంచి నిప్పులు అడిగి తెచ్చుకుని, నిన్నటి జొన్న రొట్టెను వాటి మీద వేసింది. రెండు వైపులా మచ్చలు పడేదాకా తిప్పి, బూడిద దులిపి, వెల్లుల్లి రెబ్బను పళ్లతో తుంచి వేడి మీద బరబరా రుద్దింది. నువ్వుల నూనె నాలుగు చుక్కలు వేలితో రాసి, టమాటను అరచేతిలో పిసికి పైన పూసి, ఉప్పు రాయి నలిపి చల్లింది. కొరికి కళ్లు మూసుకుంది.

"ఛీ, పచ్చిదే తింటున్నావా? ఆ కంపు లోపలికి పోతది. అవతల జరగవే," అంది రూతమ్మ.

అప్పుడు కుశినికి ఆనుకుని ఉన్న సామి గదిలోంచి మంచం కిర్రుమంది.

"రూతమ్మా." గొంతు సన్నంగా ఉంది. "ఏంది ఆ వాసన?"

రూతమ్మ కొంగుతో వాసనను బయటికి విసిరింది. "ఏం లేదు సామీ. తండా ఆమె రొట్టె తింటోంది. అవతలికి పంపిస్తా."

"పంపకు. ఆ రొట్టె తీస్కరా."

రూతమ్మ కదల్లేదు. అది కూలి జనం తిండి. పైగా చాందీ కొరికింది, ఎంగిలి. సామి పళ్లెంలో ఎంగిలి పెట్టిన చేతికి ఇంక ఏ పని అప్పజెప్పకూడదని లాజరే అనేవాడు. చాందీ నములుతున్నది ఆపి, చేతిలో ముక్క వైపు, రూతమ్మ వైపు చూసింది. సంచిలోంచి ఇంకో రొట్టె తీసి గుమ్మం మీద పెట్టింది.

"గిది ఎవరు ముట్టలే అక్కా. నువ్వే చెయ్యి. నేను లోపలికి వస్తే మైలపడ్తది గద నీ కుశిని."

దెప్పుడే అది. రూతమ్మ దాన్ని మింగింది. రొట్టెను నిప్పుల మీద కాల్చింది. వెల్లుల్లి రెబ్బ ఒలిచి కత్తితో సగానికి కోసింది. చెయ్యి దానంతట అదే నేతి గిన్నె వైపు పోయింది. వెనక్కి లాక్కుంది. రొట్టె మీద రెబ్బ రుద్దుతుంటే ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారాయి. అది ఘాటుకేనా అని చాందీ అడగలేదు.

సామి పళ్లెం చూసి, "తోటల సబ్జా ఉన్నదా?" అన్నాడు. చాందీ పరిగెత్తి పిడికెడు ఆకు తెచ్చి మొదటిసారి కుశిని గుమ్మం దాటింది. రూతమ్మ ఆకు అందుకుని రొట్టె మీద పరిచింది.

ఆయన మెల్లగా తిన్నాడు. ఒక తునక, నీళ్లు, ఇంకో తునక. సగం రొట్టె అయ్యాక తల గోడకు ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు.

"మా అమ్మ గిట్లనే చేసేది," అన్నాడు. ఆ మాట నోరు దాటాక రూతమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"అయితే మా ఆయన పెట్టింది ఇది కాదన్నమాట."

సామి చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్లు మంచిగుంది అని ఎందుకు తిన్నారు సామీ?"

"ఒక్కసారి చెప్పిన. ఆయన మర్యాద కొద్ది వేరే తీరు చేసిండు. రెండోసారి చెప్తే ఆయన మర్యాదను కాదన్నట్టు అయితదనుకున్న."

రూతమ్మకు ఓదార్పు కలగలేదు, కోపం వచ్చింది. ఆయన ముందు ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"చెప్పుంటే నేర్చుకునేవాడు. మా ఆయన నేర్వలేనివాడు కాదు. మీరు మెచ్చుకున్నారని చచ్చేదాకా పదిమందికి చెప్పుకున్నాడు సామీ!"

సామి పళ్లెం పక్కకు జరిపాడు.

"తప్పే," అన్నాడు. "నాది."

రూతమ్మ మిగిలిన సగం ఆయన ముందుకు జరిపింది. ఆయన అదీ తిన్నాడు.

ఆ రోజు నుంచి పూటకో జొన్న రొట్టె. చాందీ లోపలే కూర్చుని రొట్టె చరిచేది, రూతమ్మ వెల్లుల్లి రుద్దేది. సామి ముందు మంచం పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత గోడ పట్టుకుని వరండా దాకా వచ్చాడు. అబ్రహాంకు ఇది చాలలేదు. ఆదివారం వచ్చింది గానీ పూజ లేదు. సామికి అంతసేపు నిలబడే సత్తువ లేదు. బండిలో గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, ఎద్దులను కట్టించాడు. ఆవరణలో జనం మూటలు మళ్లీ కడుతున్నారు. సామి బండి ముందు పోతే వాళ్లు వెనక పోవాలి. ఎక్కడికో మాత్రం ఎవరికీ తెలియదు.

రూతమ్మ ఆ పొద్దున డబ్బా అడుగున మిగిలిన పిండితో చివరి డబల్ రొట్టె చేసింది. దారికని లాజరు తీరున వెల్లుల్లి కూడా వేయించింది. ఎందుకు వేయించిందో ఆమెకే తెలియదు. ఇంతలో గేటు దగ్గర కుక్కలు మొరిగాయి.

బాట మీద తుపాకులు పట్టుకున్న మనుషులు వస్తున్నారు. ఏ వైపు వాళ్లని అడిగే తీరిక ఎవరికీ లేదు. అబ్రహాం మొహం పాలిపోయింది. ఆడవాళ్లు పిల్లలను గుడిలోకి నెడుతున్నారు. సామి వరండాలోంచి అది చూసి, అంగీ అడిగాడు.

"పడిపోతారు," అంది రూతమ్మ.

"పడితే లేపు."

ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నడిచారు. గేటు దగ్గర ఆయన ఒక చేత్తో గేటు కట్టె పట్టుకుని, రూతమ్మ చేతిని విడిపించుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆయన అంగీ వెనక వైపు చెమటతో వీపుకు అంటుకుపోవడం రూతమ్మకు ఒక్కతికే కనిపించింది.

"గీడ రోగులున్నరు," అన్నాడు. "లోపలికి రావద్దు."

ముందున్నవాడు ఆయన మొహంలోకి మొహం పెట్టి చూశాడు. "సామి సచ్చిపోతున్నడని చెప్పిండ్రు గద," అన్నాడు పక్కవాడితో. సామి కదల్లేదు. వాడు ఇంకాసేపు చూసి, ముక్కు ముడుచుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత వాళ్లంతా బాట పట్టారు.

వాళ్లు మలుపు తిరిగేదాకా సామి నిలబడే ఉన్నాడు. తిరిగాక పక్కకు ఒరిగాడు. రూతమ్మ, చాందీ చెరో వైపు పట్టుకుని తెచ్చి వరండాలో కూర్చోబెట్టారు.

"నీ ఎల్లిగడ్డ దెబ్బకే పోయిండ్రు అక్కా," అని చాందీ గుసగుసగా అంది. రూతమ్మ సామి నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

అబ్రహాం బండి కాడి దించి ఎద్దులను విప్పాడు. జనం మూటలు విప్పారు. రూతమ్మ కుశినిలోకి పోయింది. పొయ్యి మీద గిన్నెలో వేయించిన వెల్లుల్లి ఎర్రగా, నేతిలో మెరుస్తూ ఉంది. పారబోయడానికి చెయ్యి రాలేదు. ఆవరణలో అందరికీ పప్పు ఉడుకుతున్న పెద్ద గుండిగ మూత తీసి, గిన్నెను అందులో బోర్లించింది. చుయ్‌మని పొగ లేచింది.

"ఇది మా ఆయన తాలింపు," అంది చాందీతో. "పప్పులో దీనికి సాటి లేదు."

ఒక పళ్లెంలో జొన్న రొట్టె పెట్టి, వెల్లుల్లి రెబ్బ ఒలవడం మొదలుపెట్టింది.