కమిలిన గుండె

మా పెద్ద నర్సమ్మగారు పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. సంతాపసభలో అందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. పదేళ్ళు ఆమెతో ఒకే వార్డులో పనిచేసిన నర్సును నేను. నాకు గుర్తున్నది ఆమె శాంతం కాదు, ఒక మనిషి మీద ఆమె చూపిన అసహ్యం.

నాడి చూసేముందు ఆమె వేళ్ళు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. "చల్లటి చెయ్యి తగిలితే రోగి ఉలిక్కిపడతాడు, నాడి అబద్ధం చెబుతుంది" అనేవారు.

ఒక వేసవిలో విడవలూరు వైపు నుంచి ఒక జాలరిని ఎద్దులబండిలో తెచ్చారు. పడవను ఒడ్డుకు లాగుతుంటే పుచ్చిపోయిన మోకు తెగి, పడవ ముక్కు అతని రొమ్ముకు కొట్టింది. పడవ మేకుకు తొడ చీరుకుపోయింది. దారంతా నెత్తురు కారింది.

"తొడకు కట్టు కట్టినారు గదమ్మా, రొమ్ము మీద గీత కూడా లేదు. ఎందుకిట్టా చల్లబడతుండాడు?" అంది అతని భార్య.

"గుండె కూడా కండే గదమ్మా. దెబ్బకు లోపల కమిలిపోయుండాది. ఉండే నెత్తురంతా తొడలోంచి పోయింది. తోసే బలమూ లేదు, తోసేదానికి నెత్తురూ లేదు. అది ఎంతని కొట్టుకుంటుంది?" అన్నారు నర్సమ్మగారు.

అప్పుడే పడవ సొంతదారు వచ్చాడు. సెంటు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఒక కాగితం చాపాడు.

"తాడు మంచిదే, తప్పు నాదే అని ఇతని పేరుతో రాయించినా సిస్టరమ్మా. వేలిముద్ర ఒకటి ఏపిస్తే చాలు."

"నాడి అందని మనిషి వేలు కావాల్నా నీకు? నెత్తురు ఇస్తావా?" అన్నారు నర్సమ్మగారు.

అతడు కాగితం మడుచుకుని బయటికి నడిచాడు. నర్సమ్మగారి నెత్తురు గ్రూపు అతని గ్రూపుతో కలిసింది. ఒక సీసా ఇచ్చి, లేచి వచ్చి, మళ్ళీ అతని నాడి పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు నాడి తడబడసాగింది. రెండు కొట్టుకుని ఒకటి వదిలేసేది. మధ్యాహ్నానికి ఆగిపోయింది.

ఆమె అతని ఒళ్ళు తుడిచారు. బొటనవేళ్ళు లోపలికి మడిచి, పిడికిళ్ళు రెంటికీ మణికట్టు దాకా బిగించి కట్లు కట్టారు.

"చేతులకు దెబ్బ లేదు గదండీ" అన్నాను.

"ఇప్పుడుండాది" అన్నారామె.

ఆ కాగితం, స్టాంపుప్యాడు పట్టుకుని మళ్ళీ వచ్చిన సొంతదారు ఆ కట్లు చూసి, ప్యాడు మూత వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం బండి కదిలింది. గతుకు వచ్చినప్పుడల్లా దుప్పటి మీద ఆ తెల్లటి పిడికిళ్ళు కదిలాయి. భార్య వాటిని తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది.