మా అత్త ఉడకబెట్టిన గుడ్లు

నారాయణఖేడ్‌లో మా వాడలో ఎవరికి ఒంట్లో బాగాలేకున్నా ముందు మా అత్త శివమ్మకే కబురొచ్చేది. ఆమె వైద్యం ఒక్కటే, పథ్యం. పప్పు బంద్, పాలు బంద్, జొన్న గంజి తాగి పడుకోవాలి. ఆమె మాటకు ఎదురు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

1987లో నాకు కడుపునొప్పి మొదలైంది. అత్త నెలల తరబడి ప్రేమగా గంజే పోసింది. నేను చీర కుచ్చిళ్లు నిలవనంత చిక్కిపోయాను, పాదాలు మాత్రం ఉబ్బాయి. చివరికి నా భర్త సంగమేశ్వర్ మా ఇద్దరినీ హైదరాబాద్ బస్సెక్కించాడు. దవాఖానలో పేగులో గడ్డ ఉందని, అది క్యాన్సరని చెప్పారు.

డాక్టర్ రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచాడు.

"రక్తంల ప్రోటీన్ బాగా పడిపోయింది. గింత తక్కువుంటే కోసిన గాయం మానదు, రోగానిదే పైచేయి అయితది. నెల దినాలు మంచిగ తినిపియ్యుండ్రి. పెరిగితే ఆపరేషన్ చేస్త. పెరగకుంటే ఆశ తక్కువ."

"ఏం పెట్టాలె సారూ?" అంది అత్త.

"పప్పు, పాలు, గుడ్లు. గుడ్లు రోజూ పెట్టాలె."

అత్త చెయ్యి మెడలోని లింగం మీదికి పోయింది. మాది లింగం కట్టుకునే ఇల్లు, గుడ్డు గడప తొక్కదు. తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా ఆమె చెయ్యి లింగం మీంచి తియ్యలేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

తెల్లారి పెరట్లోకి వెళ్తే మూడు రాళ్ల పొయ్యి మీద కొత్త కుండ కనిపించింది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుడ్లు ఉడకబెడుతోంది.

"తిను. దేవునికి నేను చెప్పుకుంట," అంది.

నేను మొహం తిప్పుకుంటే కసిరింది. "గంజి పోసి నిన్ను ఎండబెట్టింది నేనే. ఇగ నేనే తినిపిస్త."

పెంకులు మాత్రం ఎవరి కంటా పడకుండా జామచెట్టు కింద పాతిపెట్టేది.

నెల తర్వాత హైదరాబాద్ దవాఖానలో మళ్లీ రక్తం తీశారు. ఆ రోజు మమ్మల్ని పలకరించడానికి మా మఠం పెద్ద మాణిక్యప్ప కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు. డాక్టర్ కాగితం చూసి నవ్వాడు.

"పెరిగింది! ఏం పెట్టినవ్ అవ్వా?"

పప్పు అని ఊరుకుంటుందనుకున్నాను. అత్త మాణిక్యప్ప వైపు ఒకసారి చూసింది.

"గుడ్లు సారూ. నా చేత్తోనే ఉడకబెట్టిన," అంది, వరండా అంతా వినపడేలా.

మాణిక్యప్ప కండువా సర్దుకుని బయటికి నడిచాడు. ఆ వారమే ఆపరేషన్ అయింది, గాయం మానింది.

ఇది జరిగి పదేళ్లు దాటింది. నన్ను కోసి బాగుచేసిన ఆ డాక్టర్‌కు రోజూ దండం పెట్టుకుంటాను. అత్త కాళ్లకు మొక్కబోతే మాత్రం తిడుతుంది. దేవుడికి ఏం చెప్పుకుందో ఇప్పటికీ చెప్పదు. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా పప్పు గిన్నె పట్టుకుని వెళ్తుంది.