ముక్కు మాస్టారి ఒక్క మూత ఫినాయిలు

మా బడిలో ముక్కు మాస్టారు వాసన చూడనిది ఒక్క పెద్ద టీచరమ్మనే. అది కూడా ఆవిడంటే భయం కాబట్టి. మిగతా సమస్తం ఆయన ముక్కు కిందనుంచి పోవలసిందే. సుద్దముక్కల పెట్టె వస్తే వాసన. తాళంచెవి తిరిగి ఇస్తే వాసన. హాజరుపట్టీ చేతికిస్తే, తెరవకుండానే ముక్కుకు ఆనించి, "ఇవాళ ఆరో తరగతిలో పిల్లలు తక్కువ" అనేవాడు. కొత్త టీచర్లు నోళ్ళు తెరిచేవాళ్ళు. వరండాలో వస్తూ కిటికీలోంచి ఖాళీ బల్లలు చూసుకున్నాడని నాకు తెలుసు. వరండా తుడిచేది నేను. నాకు తెలియనిదేముంది?

మాస్టారు అన్నానని పాఠాలు చెప్పేవాడనుకునేరు. స్టోరు గుమాస్తా. చీపుళ్ళు, బకెట్లు, ఫినాయిలు డబ్బాలు ఆయన ఏలుబడి. జేబులో పెన్నూ, ముఖం మీద అంత ముక్కూ ఉన్న మనిషిని మాస్టారు అనక ఏమంటారు? గుమ్మంలోకి ముందు ముక్కు వచ్చేది, వెనకాల తీరిగ్గా ఆయన వచ్చేవాడు.

నేను ఆ బడిలో ఆయాను. పన్నెండు గదులు, రెండు వరండాలు, తొమ్మిది మరుగుదొడ్లు ఇరవై రెండేళ్ళు ఈ రెండు చేతులతో కడిగాను. చదువు మూడో తరగతితో సరి. సీసా మీద రాసింది చదివేలోపు నేనొక గది తుడిచేస్తాను. నల్లడబ్బా ఫినాయిలు, నీలంసీసా యాసిడ్, తెల్లసంచి బ్లీచింగ్ పొడి. అంతకు మించి శాస్త్రం లేదు. నా లెక్కలో శుభ్రమంటే వాసన. నేను తుడిచిన గదిలోకి అడుగుపెట్టినవాడికి కళ్ళలో నీళ్ళు తిరగాలి. తిరగలేదంటే నేను పని ఎగ్గొట్టినట్టే.

అలాంటి నా నెత్తిన ఈయన దాపురించాడు. వచ్చిన మొదటి వారంలోనే ఫినాయిలు డబ్బా మూత ఊడదీసి నా కళ్ళ ముందు ఆడించాడు.

"బకెట్టుకు ఒక్క మూత."

"మూతా? దాంతో చీమ కూడా మొహం కడుక్కోదు."

"ఒక్క మూత అక్కా. నా ముక్కు ఓర్చుకోదు."

"తాతకు దగ్గులు నేర్పుతున్నారా మాస్టారూ? మీరు పుట్టకముందు నుంచి నేలలు తుడుస్తున్నాను."

"నేను పుట్టేనాటికి నీకు ఆరేళ్ళుంటాయేమో."

"ఆరేళ్ళప్పటి నుంచే తుడుస్తున్నాను!"

ఆయన మాత్రం ఒక్క మూతే కొలిచి పోశాడు. నేను ఆ బకెట్టు పట్టుకుని వెళ్తుంటే నీళ్ళకు నామీద జాలేసినట్టనిపించింది.

ఇంతటితో ఆగితే ముక్కు మాస్టారు ఎందుకవుతాడు? రోజూ పొద్దున ప్రతి తరగతి గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, తల ఒకపక్కకు వంచి, నిమిషంసేపు గాలి పీల్చేవాడు. పిల్లలు కిసకిసలాడేవాళ్ళు. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, "ఘాటు పట్టేసింది. కిటికీలు తియ్యండి!" అని కేక పెట్టేవాడు. ఒకసారి పరీక్షరోజున అలాగే తీయించాడు. లెక్కల మాస్టారి ప్రశ్నపత్రాలు గాలికి లేచి గోడ దూకాయి. ఆయన వెనక పిల్లలు, పిల్లల వెనక నేను. మా పిల్లలు ప్రశ్నల కోసం అంతలా పరుగులు పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

తర్వాత తుడిచే వేళ మార్పించాడు. బడి మొదలయ్యే ముందు తుడిస్తే ఆ వాసన పిల్లల జుట్టుకు పట్టుకుని తన ముక్కుదాకా వస్తోందట. అందుకని సాయంత్రం ఆఖరి గంట కొట్టాక తుడవాలట. పెద్ద టీచరమ్మ ఈయన వాదన వినలేక ఒప్పేసుకుంది. ఆ నెల నుంచి మూడో తరగతి ముందు వరుసలో కూర్చునే ఆయాసపు పిల్ల మధ్యాహ్నానికే ఇంటికెళ్ళిపోవడం మానేసింది. వాళ్ళమ్మ మంచి మందేదో వాడుతోందనుకున్నాను.

పెద్ద టీచరమ్మ ఓసారి ముచ్చటపడి పూలబొమ్మ వేసిన సెంటు డబ్బాలు తెప్పించి గదిగదికీ కొట్టించింది. ముక్కు మాస్టారు ఆవిడ గదిలో నిలబడి వరసగా నలభై ఒక్క తుమ్ములు తుమ్మాడు. ఆ తుమ్ముల మీద నాకు అప్పుడే అనుమానం. నిజం తుమ్ముకు రెండు కళ్ళూ మూతపడతాయి. ఈయన ఒక కన్ను తెరిచి ఆవిడ వాలకం కనిపెడుతున్నాడు. నలభై ఒకటో తుమ్ముకు సెంటు డబ్బాలు స్టోరులోకి చేరాయి. మళ్ళీ వెలుగు చూస్తే ఒట్టు.

ఇక కప్పల సంగతి. మేము కడిగిన నీళ్ళు కాలవలో పడి బడి వెనక గుంటలోకి పోతాయి. ఈయన సాయంత్రం ఆ గట్టున గొంతుక్కూర్చుని గుంటను వాసన చూసేవాడు. కప్పలకు కూడా హాజరు వేసేవాడంటే నమ్మండి.

"నాలుగు తగ్గాయక్కా. యాసిడ్ ఎంత పోశావు?"

"ఏం, కప్పలు వచ్చి మీతో చాడీలు చెప్పాయా?"

"చెప్పడం మానేశాయి. అదే చాడీ."

ఇంత గొప్ప ముక్కు కదా, ఒకసారి స్టోరులో ఆయన బల్లకిందే ఎలుక చచ్చింది. మూడు రోజులు! స్టోరు ఉన్న వరండాలో మనుషులు నడవడం మానేశారు. ఈయన మాత్రం ఆ బల్ల దగ్గరే కూర్చుని, డబ్బా విప్పుకుని, హాయిగా భోంచేస్తున్నాడు. నేను కొంగు ముక్కుకు చుట్టుకుని చీపురుతో ఎలుకను ఈడ్చాను.

"ఏం మాస్టారూ, దీని వాసన మీకు రాలేదా?"

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, "పెద్ద ముక్కులకు చిన్న వాసనలు ఆనవక్కా" అన్నాడు. ఎంత పొగరో అనుకున్నాను.

ఇప్పుడు నా గుట్టు ఒకటి చెప్పాలి. అప్పటికే నాకు దగ్గుండేది. గది తలుపులు మూసి ఘాటుగా తుడిచిన రోజున మరీ తన్నుకొచ్చేది. పైకి తెలియనిచ్చేదాన్ని కాదు. నాకు ముందున్న ఆయాను, దగ్గు పిల్లలకు అంటుతుందని చెప్పి పెద్ద టీచరమ్మ నిలబెట్టి పంపించేసింది. నేను పోతే నా కూతురూ, దాని బిడ్డా ఏం తింటారు? అందుకని దగ్గు వచ్చినప్పుడల్లా బకెట్టును నేలకేసి ధనామని కొట్టేదాన్ని. ఆ చప్పుడులో దగ్గు కలిసిపోయేది. ఏడాదికి నాలుగు బకెట్లు పగిలేవి. చుక్క ఫినాయిలుకు ప్రాణం విడిచే ముక్కు మాస్టారు, బకెట్టు పగిలిందంటే కిక్కురుమనకుండా కొత్తది తీసిచ్చేవాడు. పిచ్చిమాలోకం, దబాయిస్తే చాలు అనుకునేదాన్ని.

ఇలా ఉండగా తనిఖీ ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం పెద్ద టీచరమ్మ స్టోరు తాళం నా చేతికే ఇచ్చింది.

"మరుగుదొడ్లు అద్దాల్లా మెరవాలి. ఆ గుమాస్తా ముక్కు సంగతి నేను చూసుకుంటాను."

ఇన్నాళ్ళకు నా రాజ్యం వచ్చింది! నీలంసీసా తెలుపు చేస్తుంది, తెల్లపొడి ఇంకా తెలుపు చేస్తుంది. రెండూ కలిస్తే ఆఫీసరు కళ్ళు మూసుకోవలసిందే కదా? చివరి మరుగుదొడ్డిలో తలుపు దగ్గరగా వేసుకుని, ఒకే బకెట్టులో పొడి వేసి, పైన యాసిడ్ వొంపాను.

పచ్చగా పొగ లేచింది. గొంతు ఎవరో పిడికిట పట్టుకున్నట్టయింది. అలవాటు కొద్దీ బకెట్టు ఎత్తి కొట్టబోయాను, చెయ్యి లేవలేదు. అన్నేళ్ళు దాచిన దగ్గంతా ఒక్కసారే బయటపడింది.

పరుగెత్తుకొచ్చింది ముక్కు మాస్టారే. తలుపు తన్ని, నా రెక్క పట్టుకుని ఆరుబయటకు ఈడ్చి, కుళాయి కింద నా మొహం కడిగాడు. కాపలా మనిషిని కేకేసి, ఎవరినీ అటు పోనివ్వకుండా నిలబెట్టాడు. మెట్ల మీద కూలబడి, ఊపిరి కాస్త చిక్కాక, నేను చేసిన మొదటి పని ఆయన్ని తిట్టడం.

"అంత ముక్కు పెట్టుకుని ముందే పసిగట్టలేదేం?"

"ఏ ముక్కు?" అన్నాడాయన.

"ఏ ముక్కేమిటి? ఊరంత ఉంది కదా, అదే!"

"ఇది ముఖానికి అలంకారం అక్కా. దీనికి వాసనే రాదు." తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు నేనూ ఒక బడిలో తుడిచేవాణ్ణి. ఇవాళ నువ్వు కలిపావే, నేనూ అవే కలిపాను. ఆ రోజుతో పోయింది. ఎలుక చచ్చి మూడు రోజులైనా నాకెందుకు తెలియలేదనుకున్నావు?"

ఆ ముక్కును మళ్ళీ ఒకసారి ఎగాదిగా చూశాను.

"మరి రోజూ గుమ్మంలో నిలబడి పీల్చేది ఏమిటి?"

"పీల్చడం కాదు, వినడం. ఏ గదిలో పిల్లలు ఎన్నిసార్లు దగ్గుతున్నారో, ఆయాసపు పిల్ల ఊపిరి ఎలా ఉందో. ఆ తర్వాత, నువ్వు ఎన్నిసార్లు బకెట్టు కొడుతున్నావో."

"తెలుసా మీకు!"

"బకెట్లు ఇచ్చింది నేను కదక్కా."

"ఆ ముక్క పెద్ద టీచరమ్మతో చెప్పక, నా ముక్కు నా ముక్కు అని ఊరంతా నవ్వేలా ఈ వేషమెందుకు?"

"ఆయా దగ్గుతోందంటే ఆయాను మారుస్తారు. గుమాస్తాకు ముక్కు పిచ్చి అంటే, నవ్వుకుని ఫినాయిలు తగ్గిస్తారు."

కాపలా మనిషి తోడుగా వచ్చి డాక్టరు దగ్గర చూపించాడు. ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఉంటే తన దగ్గరికి నడిచి వచ్చేదాన్ని కాదని డాక్టరు చెప్పాడు. బడిలో ముక్కు మాస్టారు, తన చేతిలోంచే సీసా జారిందని పెద్ద టీచరమ్మతో అనేశాడు.

మర్నాడు ఇంట్లో ఉండమంటే నేను ఉంటానా? వెళ్ళాను. ఆఫీసరు ముందు పెద్ద టీచరమ్మ కస్సుమంటోంది.

"చూడండి సార్, ఇతను తన ముక్కు వంక పెట్టి బడిని కడగనివ్వడు. యాసిడ్ వద్దంటాడు, బ్లీచింగ్ వద్దంటాడు. పైగా నిన్న సీసా పగలగొట్టాడు!"

ఆఫీసరు సరదా మనిషిలా ఉన్నాడు. "అంత ముక్కయితే పరీక్షిద్దాం. మూడు గ్లాసులు తెప్పించండి. రెండింట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో బ్లీచింగ్ నీళ్ళు. కాగితం మూత పెట్టండి. ఈయన చెప్పగలిగితే ఈయన మాటే ఖాయం. తప్పితే రేపటి నుంచి బకెట్టుకు నాలుగు మూతలు."

నాలుగు మూతలు! గ్లాసులు తెమ్మన్నది నన్నే. బ్లీచింగ్ నీళ్ళు చొట్ట పడిన గ్లాసులో పోశాను. ఆఫీసరు వాటిని అటూ ఇటూ మార్చి, వరసగా పేర్చాడు. చొట్ట గ్లాసు మధ్యలో పడింది. ఆ చొట్ట నాకు తెలుసు, ముక్కు మాస్టారికి తెలియదు.

ఆయన మొదటి గ్లాసు కాగితం తీసి ముక్కుకు ఆనించాడు. కళ్ళు మూశాడు. తల ఒకపక్కకు వంచాడు. నా పక్కకు. నేను రాయిలా నిలబడ్డాను. గ్లాసు దించాడు.

రెండోది ఎత్తాడు. కాగితం తీశాడు.

పెద్ద టీచరమ్మ నాకు మూరెడు దూరంలో ఉంది. ముందున్న ఆయా సంచి సర్దుకుని వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. నా చేతిలో బకెట్టు కూడా లేదు. అయినా, ఇన్నేళ్ళు దాచిన దగ్గును మొట్టమొదటిసారి నా అంతట నేనే తీసి వాడాను. గది దద్దరిల్లింది.

"ఇదే!" అన్నాడు ముక్కు మాస్టారు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. పెద్ద టీచరమ్మ మాత్రం నా వైపు తిరిగింది. "ఆయా, నీకు దగ్గుందా?"

"ఆ గ్లాసు మూత తీస్తే ఎవరికి రాదమ్మా? కావాలంటే మీరే చూడండి."

ఆవిడ రోషంగా గ్లాసు లాక్కుని ఒక్క పీల్పు పీల్చింది. దగ్గు! కళ్ళలో గిర్రున నీళ్ళు! ఆఫీసరు ఇదేమిటో చూద్దామని తనూ వంగాడు. ఆయనకూ దగ్గే. నిన్నటి పుణ్యమా అని నాకు మళ్ళీ పట్టుకుంది. ముగ్గురం బల్ల చుట్టూ దగ్గుతున్నాం. దగ్గనిది ముక్కు మాస్టారొక్కడే, పచ్చగడ్డి మీద పడుకున్న దూడలా ప్రశాంతంగా నిలబడ్డాడు. నేను కళ్ళెర్రజేశాను. ఆయన ఉలిక్కిపడి, గబగబా ఏడు తుమ్ములు తుమ్మాడు, ఒక కన్ను తెరిచి.

ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ కాగితం రాశాడు. యాసిడ్ సీసాలు బడిలో ఉండకూడదు, ఏ రెండూ కలపకూడదు, ఫినాయిలు బకెట్టుకు ఒక్క మూత, కిటికీలు తెరిచి పెట్టాలి. పెద్ద టీచరమ్మ ఆ రోజు నుంచి ఎవరి దగ్గు గురించీ ఎత్తలేదు. తనదాకా వచ్చింది కదా!

వారం తర్వాత స్టోరుకు వెళ్తే ముక్కు మాస్టారు ఎర్రరంగు కొత్త బకెట్టు తీసి నా ముందు పెట్టాడు.

"పాతది బాగానే ఉంది మాస్టారూ."

ఆయన కొత్త బకెట్టును ముక్కుకు ఆనించి, కళ్ళు మూసి, తల వంచి, "మంచి రకం అక్కా" అన్నాడు.

"మీ మొహం! చచ్చిన ఎలుకను పెట్టినా ఇదే చెబుతారు" అని లాక్కొచ్చాను.

ఆ బకెట్టు పగలడానికి ఆరేళ్ళు పట్టింది.