ముందు భోజనం కానివ్వండి

పూతరేకుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. కాగితంలా ఉండే మిఠాయిని మళ్లీ కాగితంలోనే చుట్టి అమ్మడం ఏం న్యాయం? విప్పడం ఎక్కడ ఆపాలో, తినడం ఎక్కడ మొదలుపెట్టాలో తేలదు. తేలేలోగా సగం చొక్కా మీద ఉంటుంది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లు ఇదసలు సమస్యే కాదంటారు. వాళ్లు ఏ కాగితాన్నీ అంతగా పట్టించుకోరని నాకు మొన్నటి ప్రయాణంలో తెలిసింది.

నా నవల అచ్చయి ఆరు నెలలైంది. డెల్టాలో వరిచేలు రొయ్యల చెరువులైపోవడం, ఆ మార్పులో నలిగిన ఒక కుటుంబం మూడు తరాల కథ. రాజమండ్రి, కాకినాడ, భీమవరాల్లో సభలు పెట్టి పుస్తకాన్ని జనంలోకి తీసుకెళ్లాలని నా కోరిక. మా ప్రచురణకర్త వ్యాపారం తెలిసిన మనిషి. "ఆ మూడు ఊళ్లలో మీ నవల చదివినవాళ్లని ఒక్కళ్లని చూపించండి. వేదికెక్కి మాట్లాడతామని వాళ్లు ఒప్పుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ నావి. లేదంటే ఉన్న కాపీలు తూకానికి వేసేద్దాం" అన్నాడు. ఒక్కళ్లేగా అనుకున్నాను. మూడు ఊళ్లలోనూ తెలిసినవాళ్లకి సభ సంగతి ఫోనులో చెప్పి, ముందే పోస్టులో పుస్తకాలు పంపాను. వెళ్లి పలకరించి రావడమే తరువాయి అన్న ధీమాతో సికింద్రాబాదులో రాత్రి రైలెక్కాను.

తెల్లవారి ఆరు దాటాక రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. ఎదుటి బెర్తు పెద్దాయన రూపాయి బిళ్ల నదిలోకి విసిరి, "మీరూ వెయ్యండి, తలచిన పని అవుతుంది" అన్నాడు. నాకు అవసరం లేదన్నట్టు నవ్వాను. వేసి ఉండాల్సింది.

రాజమండ్రిలో ప్లీడరు సుబ్బారాయుడు నా కాలేజీ స్నేహితుడు. గడపలోనే నా సంచి లాక్కుని, "పుస్తకం సంగతి తరవాతరా, ముందు టిఫిను కానీ" అన్నాడు. పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి అయ్యాయి. రెండో విడత పెసరట్టు కూడా అయ్యింది. అప్పుడు బీరువా తాళం తీసి, పట్టుచీరల కింది నుంచి నా నవల బయటికి తీశాడు. పోస్టు కవరు అలాగే ఉంది. నేను కట్టిన పురికొస ముడి కూడా అలాగే ఉంది.

"చూశావా ఎంత భద్రంగా పెట్టానో! పిల్లలు పాడుచేస్తారని కవరు కూడా చింపలేదు."

"అంటే చదవలేదన్నమాట."

"నువ్వు రాసింది చదవాలేంట్రా? నాలుగేళ్లు నీ పక్క బెంచీలో కూర్చున్నాను. నువ్వెలా రాస్తావో నాకు తెలీదూ?"

న్యాయశాస్త్రం చదివినవాడితో వాదించి లాభం లేదు. పదకొండింటి బస్సుకి వెళతానంటే వాళ్లావిడ, "అన్నం తినకుండా పంపితే రేపు మమ్మల్ని మీ పుస్తకంలో ఎక్కిస్తారండి" అంది. పుస్తకాన్ని గురించి ఆ ఇంట్లో వినిపించిన విమర్శ అదొక్కటే. భోజనమయ్యాక రెండింటి బస్సుకి బయటపడ్డాను.

కాకినాడ చేరేసరికి నాలుగు దాటింది. అక్కడి సాహిత్య సంఘం కార్యదర్శి మూర్తిగారు బ్యాంకులో ఆఫీసరు. "మీ సభకి నా ప్రసంగం ఎప్పుడో సిద్ధమండి" అని కళ్లజోడు పెట్టుకుని చదివి వినిపించారు. అందులో నేను కవినట. నా ప్రతి పద్యమూ సమాజానికి దర్పణమట.

"మూర్తిగారూ, నాది నవలండి."

"పర్లేదండి, మార్చేస్తాను" అని జేబులోంచి పెన్ను తీసి 'పద్యము' కొట్టేసి 'పేజీ' అని రాశారు. "ఇంక దేనికైనా సరిపోతుంది."

దేనికైనా సరిపోయేదాన్ని నేను సంచి అంటాను, సమీక్ష అనను. ఆ మాట పైకి అనేలోపు చేపల పులుసు వచ్చింది. ఆయన చేపల పులుసు గురించి మాత్రం ఏ కాగితమూ లేకుండా అనర్గళంగా అరగంట మాట్లాడారు. ఏ చేపకి చింతపండు ఎంత పడాలో, పులుసు మర్నాటికి ఎందుకు బాగుంటుందో అన్నీ చెప్పారు. అంత శ్రద్ధగా నన్ను ఎవరైనా చదివితే చాలు, హాయిగా చచ్చిపోతాను. ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్ర పట్టలేదు. సగం కోపం వల్ల, సగం పులుసు వల్ల.

మర్నాడు పొద్దున్నే భీమవరం దారి పట్టాను. రావులపాలెంలో బస్సు మారాను. పక్కసీటులో రైతు ఒకాయన నా సంచిలోకి చూసి, "స్కూలు పుస్తకాలాండీ?" అన్నాడు.

"కాదండి, నవల. నేనే రాశాను."

"అలాగాండీ!" అని కాసేపు ఆలోచించాడు. "మరి భోజనం ఎక్కడ చేస్తారండీ? మా ఇల్లు స్టాండు పక్కనే."

ఈ దారిన వెళ్లబోయే రచయితలకు నా సలహా ఒక్కటే. పుస్తకాలు తగ్గించుకుని, అరుగుదల మాత్రలు పట్టుకెళ్లండి.

భీమవరంలో ప్రకాశరావుగారు రొయ్యల మేత డీలరు. అక్కడ సభంటూ జరిగితే ముఖ్య అతిథీ ఆయనే, శాలువా, భోజనాల ఖర్చూ ఆయనదే. "శాలువా రంగు మా ఆవిడ ఎంపిక చేసిందండి. మూడొందల మందికి భోజనాలు కూడా చెప్పేశాను. పుస్తకం సంగతంటారా, అది మీరు చూసుకోండి" అన్నారు.

"మీకు పంపిన కాపీ చూశారాండీ?"

"మా అక్కయ్య పట్టుకుపోయిందండి. ముందు భోజనం కానివ్వండి."

చదవనివాళ్లందరికీ ఒక అక్కయ్య ఉంటుంది. అప్పటికి నా ఓపిక నశించింది. విస్తరి మీద రొయ్యల వేపుడు పడుతూనే ఉంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీద పడింది. మూడు ఊళ్లు, మూడు ఇళ్లు. అక్షరం ముట్టినవాడు లేడు. నా నవలకి తూకం ఖాయమైపోయింది.

సాయంత్రం రైలుకి ప్రకాశరావుగారే స్టేషనుకి వచ్చారు. ఆయన వెంట తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ, ఆవిడ చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. "మా అక్కయ్యండి, గ్రేసమ్మగారు. మిషను స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. హైదరాబాదులో కూతురింటికి వెళుతోంది. మీ పక్క బెర్తే" అన్నారు. అక్కయ్య నిజంగానే ఉందన్నమాట.

రైలు కదిలి ఊరు దాటాక ఆవిడ చేతిసంచిలోంచి ఒక పుస్తకం తీసి ఒళ్లో తెరిచి పెట్టుకున్నారు. పాత పేపరుతో అట్ట వేసి ఉంది. లోపల పేజీలు వాడి వాడి మెత్తబడి ఉన్నాయి. నాది!

"చదివారాండీ?" అని ఆవిడ వైపు జరిగాను.

"రెండుసార్లండి. చెరువుకి గండి పడ్డప్పుడు పెద్దాయన గట్టు మీద ఒక్కడే కూర్చుంటాడు చూడండి, అక్కడ ఏడ్చాను."

కిటికీ బయట చెరువుల మీద ఎండ వాలిపోతోంది. ఆ క్షణంలో మూడు ఊళ్లనీ క్షమించేశాను, పెసరట్టుతో సహా. ప్రచురణకర్త షరతు చెప్పి, "వేదిక మీద మాట్లాడతారాండీ?" అని అడిగాను.

"తప్పకుండా వస్తానండి." ఆవిడ క్యారేజీ విప్పి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, పులిహోర మొదట నా చేతిలోనే పెట్టారు. నేను నోట్లో పెట్టుకునేదాకా ఆగి అన్నారు:

"కానీ అక్కడ ఏం అడుగుతానో ఇప్పుడే చెబుతున్నానండి. మా గోదావరోళ్ల కథ అన్నారు, మూడు తరాలన్నారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కరంటే ఒక్కరు అన్నం తినరేంటండీ? మా ఊళ్లలో మీకు ఎవరూ పెట్టలేదా ఏంటి?"