ఓర్సోలా బూట్లకు కొత్త సోళ్లు

మా జోల్డో లోయలో స్కీ నేర్పే ఓర్సోలా ఎదురొస్తే కొండలు పక్కకు తప్పుకుంటాయి. నమ్మకపోతే మానేయండి. వాటిలో సగం కొండలు నేనే సర్ది పెట్టాను.

మా ఊళ్లో స్కీ నేర్పేవాళ్లు స్కీ బూట్లు ఇంట్లోనే తొడుక్కుంటారు. రొట్టెల కొట్టుకైనా చర్చికైనా వాటితోనే వెళ్తారు. చేత్తో మోసుకెళ్లి మంచు దగ్గర మార్చుకునేవాడు టూరిస్టు. పెళ్లికి ముందు నుంచీ రాళ్ల బాట మీద అలా టకటకలాడిస్తూ నడిచీ నడిచీ ఓర్సోలా బూట్ల ప్లాస్టిక్ సోళ్లు గుండ్రంగా అరిగిపోయాయి. మోకాలు కూడా వాటితోపాటే అరిగింది.

డిసెంబరులో ఓ మధ్యాహ్నం ఆమె స్కీలు మోసుకుంటూ నా మరమ్మతు కొట్టుకొచ్చి, వాటిని పక్కన పడేసి స్టూలు మీద కూలబడింది.

"పొద్దున వాలు మధ్యలో స్కీ ఊడిపోయిందిరా బెర్తో. పక్కనే పిల్లలు."

నేను చదువు మధ్యలో మానేసినా, బూటు చూసి మనిషి జాతకం చెప్పగలను. "ఊడదా అక్కా? మడమ చూడు, అరిగిన సబ్బుబిళ్లలా ఉంది. స్కీ దేన్ని పట్టుకుంటుంది?"

"కబుర్లాపి కొత్తవి వెయ్యి."

మరలు విప్పి సోలు మార్చుకునే బూట్లవి. రెండు జతల సోళ్లు ముందు పెట్టాను. ఒకటి పాతదానిలాగే గట్టి ప్లాస్టిక్, అడుగు బల్లపరుపు. రెండోది రబ్బరు, ముందు కాస్త పైకి వంగి, కింద లోతైన గాట్లతో ఉంది. రబ్బరువి బిగించి నడిచి చూడమన్నాను. బయట గడ్డకట్టిన ఏటవాలు సందులో ఆమె గోడ పట్టుకోకుండా ఎక్కింది, దిగింది. లోపలికొచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

"ఇవే ఉంచు."

"ఉంచితే నీ స్కీలు ఎక్కకూడదు. వాటి మీద బూటును పట్టుకునే పాత బిగింపులు రబ్బరును వదలవు. పడితే బూటు ఊడదు, కాలు విరుగుతుంది."

"నాకు చెప్తున్నావా?"

"కొత్త బిగింపులు వేద్దాం. నా చెయ్యి పడితే మేక కూడా స్కీ చేస్తుంది."

"మేకకు నాలుగు మోకాళ్లురా. నాకు మిగిలింది ఒకటి."

"పోనీ ప్లాస్టిక్‌వే వేసుకో. ఈ చలికాలం కూడా పైనుంచి దిగొచ్చు."

"స్కీ ఎక్కాక బాగానే ఉంటా. అక్కడిదాకా రావాలిగా. మొన్న మెట్ల మీద పడితే పోస్టుమాన్ వచ్చి లేపాడు. ఇంక నావల్ల కాదురా."

"మరి పాఠాలు?"

"బుడ్డోళ్లకు మొదటి పాఠం కింద మైదానంలోనే కదా. చెయ్యి పట్టుకుని పక్కన నడిచేవాళ్లు దొరకట్లేదట. స్కీ బడికి వెళ్లి నేనొస్తానని చెప్తా."

మరలు ఇంకోసారి బిగించాను. బిగించాల్సిన అవసరం లేదు. ఆమె స్కీలను గోడకు ఆనించి, పడిపోకుండా కాస్త జరిపి, బయల్దేరింది.

"తీసుకెళ్లవా అక్కా?"

"ఎవరైనా అడిగితే ఇచ్చెయ్."

వెనక నుంచి ఏదో ఒక వెటకారం విసరాలనుకున్నాను. దాని బదులు విప్పిన పాత సోళ్లు డబ్బాలో పడేశాను. ఆమె సందు ఎక్కిపోయింది, చప్పుడు లేకుండా.